క్లియర్ కొనేముందు కింద ఏముందో చూడు

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం. నాలుగేళ్ళుగా 1/24 స్కేలు ప్లాస్టిక్ కార్లు కడుతున్నా. ఈసారి జపాన్ కంపెనీ టమియా ఎర్ర స్ప్రేతో బాడీ బాగా వచ్చింది. డెకాల్స్ (నీళ్ళలో నానబెట్టి అతికించే నంబర్లు, గుర్తులు) అతికించి, మరుసటి రోజు మధ్యాహ్నం మేడ మీద ఆటో షాపులో కొన్న క్లియర్ స్ప్రే కొట్టినా. తలుపుల మీద నంబర్లు పాల మీద మీగడ కట్టినట్టు ముడతలు పడినాయి. కప్పు మీద వేలు రాస్తే గరగరమంటోంది. ఇంకో కిట్ రంగు వేసి సిద్ధంగా ఉంది. దానికి ఏ గ్లాసీ క్లియర్ కొనాల? మా వీధిలో డెంటింగ్, పెయింటింగ్ చేసే ఆయన హార్డ్‌నర్ కలిపే 2కె క్లియర్ కొంచెం ఇస్తానంటున్నాడు. నా దగ్గర 0.3 మిల్లీమీటర్ల ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న గన్ను), చిన్న కంప్రెసర్ ఉన్నాయి. ఇంకొక మాట, ముందెప్పుడో కట్టిన తెల్ల కారు మీద చెక్కకు వేసే క్లియర్ లాకరు కొట్టినా. అది ఇప్పుడు పసుపు తిరుగుతోంది. దాన్ని ఏమన్నా చేయొచ్చునా?

సమాధానం:

తమ్ముడూ, నీకు జరిగినవి రెండు వేర్వేరు తప్పులు. ఒకే డబ్బా, ఒకే మధ్యాహ్నం కాబట్టి కారణం కూడా ఒకటేననీ, డబ్బా మంచిది కాదనీ అనుకున్నావు. తలుపుల మీద క్లియర్ తడి ఎక్కువై డెకాల్స్ పాడైనాయి. కప్పు మీద తడి చాలక గరుకు తేలింది. నంబర్లు బాగా మూసుకోవాలని తలుపుల దగ్గర డబ్బాను దగ్గరగా పట్టి రెండు మూడు సార్లు తిప్పి ఉంటావు. కప్పుకి వచ్చేసరికి కారిపోతుందేమోనని చెయ్యి దూరం జరిగి ఉంటుంది. ఖరీదైన జపాన్ క్లియర్ తెచ్చి ఇదే పద్ధతిలో కొట్టినా ఇవే రెండూ మళ్ళీ వస్తాయి. అందుకే ఏది కొనాలో తర్వాత చెప్తా, ముందు ఎందుకు అట్లయిందో చూద్దాం.

క్లియర్ అంటే రంగు కలపని పెయింటే. గట్టిపడి పొరగా నిలిచే రెసిన్ ఒకటి, దాన్ని పలచగా చేసి మోసుకొచ్చే సాల్వెంట్ ఒకటి. మెరుపు రెసిన్‌ది, నష్టం సాల్వెంట్‌ది. ఆటో షాపు స్ప్రే ఇనుము మీద కొట్టడానికి చేసింది, అందులో సాల్వెంట్ ఘాటు ఎక్కువ. డెకాల్ చూస్తే సన్నని వార్నిష్ పొర మీద సిరా ముద్ర, అంతే. దాని మీద ఘాటు సాల్వెంట్ తడిగా నిలిస్తే పొర మెత్తబడి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. టమియా వాళ్ళ సొంత క్లియర్ టీఎస్-13 కూడా లాకరే, అంటే ఘాటు సాల్వెంట్ ఎగిరిపోతే ఆరే రకం. మొదటి కోటే తడిగా కొడితే అది కూడా డెకాల్‌ని తినేస్తుంది. ఇది కిట్లు కట్టేవాళ్ళందరికీ తెలిసిన సంగతి.

కాబట్టి క్లియర్ కొనేటప్పుడు మెరుపు ఎంత అని అడగడం కంటే, కింద ఏముంది, అది దీన్ని తట్టుకుంటుందా అని అడగాలి. నీ బాడీ మీద కింద ప్రైమరు, దాని మీద టమియా టీఎస్ స్ప్రే లాకరు రంగు, దాని మీద డెకాల్స్. లాకరు మీద లాకరు క్లియర్ వేస్తే పై పొర కింది పొరను కాస్త కొరికి పట్టుకుంటుంది, అది మంచిదే. మధ్యలో ఉన్న డెకాల్ ఒక్కటే బలహీనం. అదే నువ్వు ఎనామెల్ అనే నూనె రంగు వేసి ఉంటే కథ వేరు. ఎనామెల్ పైకి ఆరినట్టు కనిపించినా లోపల వారాల తరబడి మెత్తగా ఉంటుంది. దాని మీద లాకరు పడితే అడుగు నుంచి లేచి ముడతలు పడుతుంది. లాకరు మీద ఎనామెల్ వేయొచ్చు, ఎనామెల్ మీద లాకరు వద్దు. నీళ్ళతో కడిగే అక్రిలిక్ రంగుల మీద లాకరు క్లియర్ పలుచని కోట్లుగా అయితే సాధారణంగా నిలుస్తుంది, తడిగా కుమ్మరిస్తే పగుళ్ళు వస్తాయి. దీపాల అద్దాలకు, కిటికీ ప్లాస్టిక్‌కి మాత్రం లాకరు తాకించనే కూడదు, లోపల సన్నని పగుళ్ళు వచ్చి మసకబారిపోతుంది. అట్లాంటి చోట టమియా ఎక్స్-22 అనే అక్రిలిక్ క్లియర్‌ని మెత్తని కుంచెతో పెట్టుకో.

ఇక నీ రెండో కిట్ సంగతి. నీకు ఎయిర్‌బ్రష్ ఉంది కాబట్టి డబ్బా స్ప్రే వద్దంటాను. డబ్బాలో చుక్క పెద్దది, ధార తగ్గించుకునే వీల్లేదు. సీసాలో వచ్చే లాకరు క్లియర్ తీసుకో. టమియా ఎల్‌పీ-9 అయినా సరే, జీఎస్ఐ క్రియోస్ వాళ్ళ మిస్టర్ కలర్ జీఎక్స్-100 సూపర్ క్లియర్ అయినా సరే. రెంటిలో నా ఓటు జీఎక్స్-100కి. గట్టిగా ఆరుతుంది, పాలిష్‌కి బాగా లొంగుతుంది. అయితే క్లియర్ ఎంత ముఖ్యమో, మన ఊళ్ళలో థిన్నర్ అంతకంటే ముఖ్యం. మామూలు లాకరు థిన్నర్ కొనొద్దు. మిస్టర్ కలర్ లెవెలింగ్ థిన్నర్ గానీ, టమియాలో రిటార్డర్ కలిపి అమ్మే లాకరు థిన్నర్ గానీ కొను. రిటార్డర్ అంటే ఆరడాన్ని ఆలస్యం చేసే నెమ్మది సాల్వెంట్. కప్పు గరుకుకి మందు అదే. పెయింట్ షాపులో లీటర్ల లెక్కన దొరికే ఎన్.సి. థిన్నర్‌ని గన్ను కడుక్కోవడానికి వాడుకో, క్లియర్‌లో మాత్రం కలపొద్దు. అది ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది.

డెకాల్స్ గురించి మరీ భయంగా ఉంటే ఎక్స్-22నే బాడీ అంతా కొట్టుకోవచ్చు. దాని సొంత థిన్నర్ ఎక్స్-20ఎ తో కలిపితే డెకాల్స్‌కి దాదాపు ఏమీ కాదు. కానీ ఆ పొర మెత్తన. పూర్తిగా గట్టిపడటానికి చాలా రోజులు తీసుకుంటుంది, పాలిష్ చేయబోతే గీతలు పడుతుంది. కారు బాడీకి నాకు అది తృప్తినివ్వదు. విమానాలకు, ట్యాంకులకు డెకాల్స్ కింద వేసే గ్లాసీకి మాత్రం అంతకంటే మంచిది అక్కర్లేదు. మ్యాట్ రంగు గరుకుగా ఉంటుంది, దాని మీద డెకాల్ అతికిస్తే కింద గాలి చిక్కుకుని వెండి మెరుపులా తెల్లగా కనిపిస్తుంది. ముందు గ్లాసీ కోటు వేసి, డెకాల్ పెట్టి, ఆఖరున మ్యాట్ వేస్తారు. అక్కడ గ్లాసీ మధ్య మెట్టు. నీ కారుకు అదే ఆఖరి మెట్టు.

ఇప్పుడు గాలి సంగతి, నేను బాగా చెప్పాలనుకున్నది ఇదే. మోడల్ పెయింటింగ్ మీద రాసే సలహాలు ఎక్కువగా జపాన్ నుంచో ఇంగ్లండ్ నుంచో వస్తాయి. వాళ్ళ భయమంతా తేమ గురించి. సాల్వెంట్ ఆవిరయ్యేటప్పుడు పొర చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లదనానికి నీరు పట్టి క్లియర్ పాలలా తెల్లబారుతుంది. నిజమే. కానీ ఏప్రిల్ మధ్యాహ్నం అనంతపురంలో ఆ భయం అక్కర్లేదు. మనకున్న జబ్బు దానికి సరిగ్గా ఎదురుది. 40 డిగ్రీల ఎండిన గాలిలో చుక్క డబ్బా ముక్కు నుంచి బయల్దేరి బాడీని చేరేలోపే చాలా సాల్వెంట్ పోగొట్టుకుంటుంది. చేరేసరికి అది చుక్క కాదు, జిగురు రవ్వ. పక్క చుక్కతో కలిసి పరుచుకోలేదు, పడ్డచోటే గట్టిపడుతుంది. అట్లాంటి రవ్వలు వేలకొద్దీ చేరితే నీ కప్పు గరుకు తయారవుతుంది. దూరం పెరిగేకొద్దీ, గాలి పీడనం పెరిగేకొద్దీ, ఎండ పెరిగేకొద్దీ ఇది ఎక్కువవుతుంది. డబ్బాని గోరువెచ్చని నీళ్ళలో పెట్టి వేడిచేయమనే సలహా కూడా చల్లని దేశాల కోసం చెప్పింది. మన ఎండాకాలంలో డబ్బాని నీడలో పెట్టుకోవడమే పని. స్ప్రే డబ్బాలను 50 డిగ్రీలు దాటనివ్వొద్దని వాటి మీదే రాసి ఉంటుంది. ఎండలో ఆపిన కారులో వదిలేస్తే అది దాటడం ఎంతసేపు?

అందుకని మేడ మీద, మధ్యాహ్నం, ఈ రెండూ మానుకో. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిలోపు పని ముగించు. గాలి చల్లగా ఉంటుంది, రోడ్డు మీద దుమ్ము ఇంకా లేవదు. ఆషాఢం గాలులు మొదలైనాక మేడ మీద స్ప్రే అనే మాటే తలవొద్దు. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే గాలి అది, నీ తడి క్లియర్ మీద ఎర్రమట్టిని తెచ్చి పోస్తుంది. గది లోపల, ఫ్యాను ఆపి, పొగ బయటికి పోయేలా కిటికీ దగ్గర ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టుకుని కొట్టు. గాలి ఫ్యాను వైపు పోవాలి, నీ ముఖం వైపు రాకూడదు. ఎగ్జాస్ట్ ఫ్యాను మామూలుది అయితే దాని మోటారు రవ్వ కొట్టొచ్చు, లాకరు ఆవిరి మండుతుంది, కాబట్టి ధార నేరుగా దాని మీదికి పోనీయకు. పక్క గదిలో గ్యాస్ పొయ్యి గానీ, దేవుడి దగ్గర దీపం గానీ వెలుగుతుంటే ఆరే దాకా ఆగు. పని మొదలుపెట్టే అరగంట ముందు నేల మీద నీళ్ళు చిలకరించు. లేచే దుమ్ము అణగుతుంది, పొడి గది కొంచెం చల్లబడుతుంది. వానలు పడే సెప్టెంబరు, అక్టోబరుల్లో మాత్రం ఈ నీళ్ళు చిలకరించడం మానేయి. ముసురు పట్టిన రోజుల్లో మనకూ క్లియర్ తెల్లబారుతుంది. అప్పటికీ రక్షణ అదే రిటార్డర్ థిన్నర్, లేకపోతే వాన వెలిసే దాకా ఓపిక.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి డెకాల్స్ నీళ్ళు కూడా చెప్తా. మన జిల్లాల బోరు నీళ్ళు చవుడు ఎక్కువ. ఆ నీళ్ళలో డెకాల్ నానబెట్టి అతికిస్తే ఆరినాక చుట్టూ తెల్లని గీత మిగులుతుంది. రంగు మీద పెద్దగా కనపడదు, క్లియర్ పడినాక లోపల బందీ అయి ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా తెచ్చుకుంటే నెలల తరబడి వస్తుంది. డెకాల్ అతికిన తర్వాత చుట్టూ మిగిలే జిగురును కూడా అదే నీళ్ళతో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచేయి, ఆ జిగురు పసుపు తిరుగుతుంది. తర్వాత కనీసం ఒక పూర్తి రోజు వదిలేయి. డెకాల్‌ని మెత్తబరచే సెట్టింగ్ ద్రవాలు వాడి ఉంటే రెండు రోజులు. డెకాల్ కింద తడి మిగిలి ఉండగా క్లియర్ వేస్తే ఆ తడి ఎక్కడికీ పోలేక బుడగ కడుతుంది.

నూనె సంగతి కూడా చెప్పాలి. తలకు కొబ్బరినూనె రాసుకుని, ఆ చేత్తో బాడీ పట్టుకుంటే వేలిముద్ర ఉన్నంత మేర క్లియర్ పక్కకు జరిగి గుంటలు పడుతుంది. కారు డాష్‌బోర్డుకి రాసే సిలికాన్ పాలిష్ అదే గదిలో వాడినా ఈ గుంటలు వస్తాయి. డెకాల్స్ పెట్టకముందు బాడీని గిన్నెలు తోమే ద్రవంతో కడిగి, తర్వాత గ్లవ్స్ వేసుకుని మాత్రమే ముట్టుకో. క్లియర్‌కి ముందు పొడిగుడ్డతో గట్టిగా తుడవొద్దు. ఎండిన గాలిలో ప్లాస్టిక్‌ని రుద్దితే స్టాటిక్ పుట్టి దుమ్మును తనే లాక్కుంటుంది. కాస్త చెమ్మగిల్లిన మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా ఒక్కసారి తాకించి తీసేయి.

ఇక కొట్టే విధానం. క్లియర్ ఒక వంతుకి థిన్నర్ ఒకటి నుంచి ఒకటిన్నర వంతులు. ఎండాకాలం ఒకటిన్నర వైపే ఉండు. పీడనం 15 నుంచి 18 పీఎస్ఐ, అంతకు మించితే గాలే చుక్కను ఆరబెడుతుంది. మొదటి రెండు కోట్లు మంచు పట్టినట్టు పలచగా, కొంచెం దూరం నుంచి వేయి. ఇవి మెరవకూడదు. ఇవి డెకాల్‌కి కవచాలు, తర్వాత వచ్చే తడి దాన్ని నేరుగా తాకకుండా చూస్తాయి. ఒక్కోదానికి పదిహేను నిమిషాలు ఆగు. మూడో కోటు మధ్యస్తం. నాలుగోది తడి కోటు, దీనికి ఎయిర్‌బ్రష్‌ని 8 నుంచి 10 సెంటీమీటర్ల దగ్గరికి తీసుకురా. చెయ్యి ఆగకూడదు. ధార బాడీ బయట మొదలై బాడీ బయటే ఆగాలి, ఒక్కో వరుస ముందు వరుసను సగం కప్పాలి. ఏదో ఒక కారణంతో డబ్బాయే వాడాల్సి వస్తే, సాధారణంగా చెప్పే 20, 25 సెంటీమీటర్ల దూరాన్ని మన ఎండలో 15 దాకా తగ్గించు, చెయ్యి వేగం పెంచు.

ఎంత తడి చాలు అనేది ఏ కొలతా చెప్పలేదు, ట్యూబ్‌లైటు చెప్తుంది. బాడీ మీద ట్యూబ్‌లైటు ప్రతిబింబం పడేలా కూర్చో. కోటు పడేకొద్దీ ఆ ప్రతిబింబం అంచు మసకగా ఉన్నది గీత గీసినట్టు తేరుకుంటుంది. తేరుకున్న క్షణమే ఆపాలి. ఇంకొంచెం అనుకుంటే తలుపు కింది అంచున చుక్క కడుతుంది, తలుపు చుట్టూ ఉండే సన్నని గాడులు పూడిపోతాయి. నిజమైన కారు మీద ప్రైమర్ నుంచి క్లియర్ దాకా పెయింటు మొత్తం మందం 100 మైక్రాన్ల పైచిలుకు. దాన్ని 24తో భాగిస్తే నాలుగైదు మైక్రాన్లు. అంత పలచగా మనమెవ్వరం కొట్టలేం. అయినా ఆ లెక్క మనసులో ఉంటే చెయ్యి అదుపులో ఉంటుంది. తేనెలో ముంచి తీసినట్టుండే మోడల్ నాకు ఎప్పుడూ నచ్చదు. మెరుపు కంటే గాడులు, అంచులు తేటగా కనపడటమే కారును కారులా చూపిస్తుంది. కొట్టడం అయిన వెంటనే దుమ్ము లేని ప్లాస్టిక్ డబ్బా బోర్లించు, కింద గాలి ఆడేలా అగ్గిపుల్ల మందం సందు వదులు. రోజంతా దాన్ని తెరిచి చూడకు.

ఇదంతా ముందు బాడీ మీద చేయొద్దు. పెళ్ళిళ్ళలో వాడే ప్లాస్టిక్ చెంచాలు తెచ్చుకో, వాటి వంపు కారు బానెట్ వంపులా ఉంటుంది. అదే ప్రైమరు, అదే ఎరుపు, డెకాల్ షీటులో నీకు అక్కర్లేని చిన్న ముక్కలు, వాటి మీద ఇదే క్లియర్. డెకాల్ నిలిచిందా, గరుకు వచ్చిందా, ఎంత థిన్నర్ సరిపోయింది, అన్నీ చెంచా వెనక మార్కర్‌తో రాసుకో. వేసవికి ఒక చెంచా, చలికాలానికి ఒక చెంచా దాచుకుంటే తర్వాత కిట్‌కి మళ్ళీ మొదటినుంచి వెతుక్కోనక్కర్లేదు.

మీ వీధి పెయింటరు చెప్పినదానికి వస్తా. ఆయన మాటలో అబద్ధం లేదు. 2కె క్లియర్ అంత లోతైన మెరుపు, అంత గట్టి పొర మరి దేనికీ రాదు, పెట్రోలు పడ్డా చెక్కుచెదరదు. లాకరు క్లియర్లు సాల్వెంట్ ఎగిరిపోతే ఆరేవి. ఇది అట్లా కాదు, రెసిన్‌తో హార్డ్‌నర్ రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. ఆ హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. 1984లో భోపాల్‌లో లీకైన మిథైల్ ఐసోసయనేట్ వేరే పదార్థం, కానీ కుటుంబం అదే. కార్లకు స్ప్రే చేసేవాళ్ళకి వచ్చే ఉబ్బసానికి బాగా తెలిసిన కారణం ఇదే. వీటి ప్రమాదం వాసనతో తెలియదు, ముక్కుకు ఏమీ తోచకముందే ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, తర్వాత చాలా కొంచెం సోకినా ఊపిరాడని పరిస్థితి వస్తుంది, అది జీవితాంతం ఉండిపోవచ్చు. చర్మం మీద పడినా ఇట్లా కావచ్చు. రుమాలు, సర్జికల్ మాస్కు, ఎన్-95 ఇవేవీ ఆవిరిని ఆపవు.

అందుకే నీ ఇంట్లో 2కె కొట్టొద్దని గట్టిగా చెప్తున్నా. ఇంట్లో పిల్లలుంటే, పెద్దవాళ్ళుంటే ఇంక ఆలోచించే పనే లేదు. వాళ్ళు ఆ గాలి పీల్చాలని ఒప్పుకున్నవాళ్ళు కారు. బయటి గాలిని గొట్టం ద్వారా ముఖానికి అందించే మాస్కు, నిండుగా కప్పే బట్టలు, సరైన బూత్ ఉంటేనే అది చేసే పని. కావాలంటే కర్నూల్లోనో అనంతపురంలోనో నిజమైన పెయింట్ బూత్ ఉన్న వర్క్‌షాపుకి బాడీ తీసుకెళ్ళి కొట్టించుకో, నువ్వు బయట ఉండు. అప్పుడు కూడా ఒక మాట చెప్పాలి. కార్లకు వాడే గన్ను నాజిల్ 1.3, 1.4 ఉంటుంది, నీ ఎయిర్‌బ్రష్ 0.3. ఆ గన్నుతో ఒక్క విసురు చాలు నీ గాడులన్నీ పూడిపోవడానికి. టచప్‌కి వాడే చిన్న గన్నుతో, ఎక్కువ పలచన చేసి, రెండు తేలిక కోట్లు చాలని అడుగు. ఆయనకు ఒక చెంచా ముందు ఇవ్వు. డెకాల్స్ ఉన్నాయని కూడా చెప్పు, 2కె లోనూ సాల్వెంట్ ఉంటుంది. మీ పెయింటరు అన్నతో మాట్లాడేటప్పుడు ఆయన ఏ మాస్కు వేసుకుంటున్నాడో కూడా అడుగు తమ్ముడూ. రోజూ దాన్ని పీల్చేది ఆయనే.

మామూలు లాకరు క్లియర్‌కైనా ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జిలు ఉన్న హాఫ్ మాస్కు వేసుకో. పది కిట్ల డబ్బులో ఒక కిట్ డబ్బు దానికి పోతుంది, పోనీ. మాస్కులోంచి వాసన వచ్చిందంటే కార్ట్రిడ్జి అయిపోయిందని. వాడనప్పుడు జిప్ కవర్లో మూసిపెట్టు, బయట వదిలేస్తే ఊరికే గాలిని పీల్చి చచ్చిపోతుంది.

పాలిష్ గురించి తొందరగా చెప్తా, ఎందుకంటే క్లియర్ బాగా పడితే దీనితో పని తక్కువ. కనీసం ఒక వారం ఆరనివ్వు, రెండు వారాలైతే ఇంకా మేలు. ముక్కు దగ్గర పెట్టుకుని చూడు, సాల్వెంట్ వాసన ఏమాత్రం ఉన్నా అది ఆరలేదు. దుమ్ము రవ్వలున్న చోట మాత్రమే 2000 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం), తర్వాత 3000, సబ్బునీళ్ళతో. అంచుల మీద, మడతల మీద రుద్దొద్దు, అక్కడ క్లియర్ ఎప్పుడూ పలచగానే ఉంటుంది, రెండు రుద్దులకే కింది రంగు బయటపడుతుంది. టేపు ముక్క అంటించి కాపాడుకో. తర్వాత టమియా కాంపౌండ్లు వరసగా కోర్స్, ఫైన్, ఫినిష్. ఆటో షాపు రబ్బింగ్ కాంపౌండ్ మన సన్న పొరకు మరీ గరుకు.

పాడైన మొదటి బాడీని పారేయొద్దు. కప్పు గరుకు క్లియర్‌లోనే ఉంది, రంగులో లేదు. 2000 పేపర్‌తో నున్నగా చేసి మళ్ళీ క్లియర్ కొడితే కొత్తదవుతుంది. తలుపుల మీద డెకాల్స్ మాత్రం తిరిగి రావు. ఆ రెండు తలుపులనూ క్లియర్, డెకాల్ రెండూ పోయి ఎర్రరంగు సమంగా కనిపించేదాకా రుద్ది, పక్కలు మూసి, మళ్ళీ ఎరుపు పలచగా కొట్టుకో. నంబర్లకు కొత్త డెకాల్ షీటు తెప్పించుకోవాలి, లేదా నంబరు లేని మామూలు రోడ్డు కారుగా మార్చేసుకో. రంగు మొత్తం తీసేయాలని థిన్నర్‌లో ముంచొద్దు, రంగుతోపాటు బాడీ కూడా పోతుంది.

కిట్ మొత్తానికీ గ్లాసీ కొట్టొద్దని కూడా చెప్పాలి. బాడీ ఒక్కటే మెరవాలి. టైర్లు, అడుగు భాగం, సీట్లు మెరిస్తే బొమ్మ కారు అవుతుంది. అక్కడ మ్యాట్ గానీ సెమీగ్లాస్ గానీ. బంపర్లకు క్రోమ్ పూత ఉంటే దాని మీద క్లియర్ పడనీయకు, అద్దం మెరుపు పోయి అల్యూమినియం గిన్నెలా మసకబారుతుంది.

పసుపు తిరిగిన తెల్ల కారు. అవును, కారణం ఆ చెక్క లాకరే. చెక్కకు వేసేవి చాలావరకు నైట్రోసెల్యులోజ్ లాకర్లు. వెలుతురు తగిలేకొద్దీ పసుపెక్కడం వాటి గుణం. టేకు తలుపు మీద ఆ పసుపు అందమే, తెల్ల కారు మీద కాదు. నూనె ఆధారమైన ఎనామెల్ క్లియర్లు కూడా కాలంతో పసుపెక్కుతాయి. తెలుపు మీద ఎప్పుడూ అక్రిలిక్ లాకరు క్లియరే వాడు, జీఎక్స్-100 కూడా ఆ జాతిదే. పసుపు ఆ క్లియర్ పొరలోనే ఉంది కాబట్టి రుద్ది తీసేయొచ్చు. 1500తో మొదలుపెట్టి, తెలుపు తేలగానే 2000కి మారు. డెకాల్స్ ఉన్న భాగాలను వదిలేయాల్సి వస్తుంది, అక్కడ రంగు తేడా తెలిసిపోతుంది. తేడా భరించలేనంతగా ఉంటే డెకాల్స్ కూడా తీసేసి, తెలుపు మళ్ళీ కొట్టి మొదలుపెట్టడమే. ఆ లోపల దాన్ని కిటికీ ఎదురు అరలోంచి తీసి బీరువాలో పెట్టు, ఎండ తగలకపోతే పసుపు నెమ్మదిస్తుంది.